యావన్మందికీ తెలియజేయడమేమనగా...

పత్రికల డెస్కుల్లో పనిచేసే మీ అందరికీ నమస్కారం. "ఇందుమూలంగా యావన్మంది గ్రామ ప్రజలకు తెలియజేయడమేమనగా..." ఈ వాక్యం ఇప్పుడు ఎక్కడ వినిపించినా నవ్వొస్తుంది. పాత సినిమాల్లో తప్ప మనకు తారసపడదు కదా. కానీ దాని పనితనం ఒకసారి చూడండి. "యావత్" సంస్కృతం, "మంది" తెలుగు. రెండింటికీ సంస్కృత సంధి చేసి "యావన్మంది" అన్నారు. వ్యాకరణం ఒప్పుకోని పెళ్లి, ఊరు ఒప్పుకున్న పెళ్లి. రెండో సంగతి: ఈ మాటలన్నీ అయిపోయేదాకా అసలు వార్త మొదలుకాదు. అది కావాలని చేసిన ఏర్పాటే. డప్పు వినపడగానే లోపలి మనిషి చేతిలో పని వదిలి వాకిట్లోకి రావాలి. ఆ లోపు అసలు సంగతి చెప్పేస్తే సగం ఊరికి శిస్తు తేదీ తెలియకుండా పోతుంది. అందుకని ముందు ఖాళీ మాటలు, తర్వాత విషయం. పత్రికల్లో మనం దీనికి తలకిందులుగా రాస్తాం, ముఖ్యమైనది మొదటి వాక్యంలోనే. కంటికి రాసే పద్ధతి వేరు, చెవికి చెప్పే పద్ధతి వేరు. ఈరోజు నేను మాట్లాడబోయే మాటలన్నిటికీ ఈ తేడా వర్తిస్తుంది. ఒక సంగతిని పదిమందికీ తెలియజెయ్యడానికి తెలుగులో బోలెడు మాటలున్నాయి, ఏ మాటా ఇంకో మాటకు బదులు కాదు. ప్రతి మాటలోనూ ఒక పనిముట్టు దాక్కుని ఉంటుంది. అది డప్పు కావచ్చు, ఆకు కావచ్చు, వీధి కావచ్చు, విత్తనం కావచ్చు.

మొదట "చాటు". తెలుగులో మూడు చాటులున్నాయి. చెట్టు చాటు, అంటే మరుగు. చాటు పద్యం, ఇది ఇచ్చకపు మాట అనే అర్థంలో సంస్కృతం నుంచి వచ్చింది. మూడోది చాటింపులోని చాటు. అక్షరాలు ఒకటే, పుట్టుకలు వేరు. మూడోదానికి తమిళంలో తోబుట్టువు ఉంది: "చాఱ్ఱు", ఎలుగెత్తి ప్రకటించడం. కన్నడంలో "సారు". తమిళంలో జంట ఱ-కారం ఉన్నచోట తెలుగులో ట-కారం రావడం మామూలే. వాళ్లది చుఱ్ఱు, మనది చుట్టు. వాళ్లది పుఱ్ఱు, మనది పుట్ట. ముందు దీర్ఘం ఉంటే మన దగ్గర ఒకే ట మిగులుతుంది: వాళ్ల మాఱ్ఱం మన "మాట" అయినట్టే, చాఱ్ఱు "చాటు" అయింది. అంటే చాటడం మనం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్న పని కాదు. ఒకటే క్రియకు దాచడాన్నీ చాటడాన్నీ అంటగట్టామని కొందరు చమత్కరిస్తుంటారు. చమత్కారం బాగుంది, భాషాశాస్త్రం బాగాలేదు.

చాటడానికి కావలసిన సరంజామా తక్కువే. గుండ్రటి చెక్క చట్రం, దానికి బిగించిన మేక తోలో దూడ తోలో, రెండు పుల్లలు. ఎడమ చేతిలో సన్నగా పొడుగ్గా ఉండే చిటికెన పుల్ల, కుడి చేతిలో పొట్టిగా లావుగా ఉండే చిర్ర. కొట్టే ముందు డప్పును మంట దగ్గర కాచాలి. తోలు గాలిలో తేమ పీల్చుకుని వదులవుతుంది, వదులైన డప్పు బొదబొదమంటుంది తప్ప వీధి చివరికి చేరదు. వానాకాలంలో మరీ కష్టం. చావుకు ఒక దెబ్బ, పెళ్లికి ఒక దెబ్బ, చాటింపుకు ఒక దెబ్బ. మాట వినకముందే ఏ తరహా కబురో ఊరికి తెలిసిపోయేది. వెట్టివాడో, తలారో, తెలంగాణలో మస్కూరీయో ప్రతి వీధి మొగలో ఆగి అదే పాఠం మళ్లీ మళ్లీ చెప్పేవాడు.

ఈ ఏర్పాటు ఎంత పాతదంటే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి కదా, వాటిలో చిన్న శిలాశాసనం చూడండి. రజ్జుకుడు అనే అధికారికి ఆజ్ఞ ఇవ్వాలి, అతను భేరి వేయించి జానపదులకు తెలపాలి అని అందులో ఉంది. 2,200 ఏళ్ల పైమాటే. రాయి మీద చెక్కించి కూడా రాజు భేరిని వదలలేదు. ఎందుకంటే చెక్కింది చదివేవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు. శాసనం దాచిపెట్టుకునే ప్రతి, భేరి అందరికీ పంచే ప్రతి. అదే అశోకుడు నాలుగో శిలాశాసనంలో భేరీఘోష ధర్మఘోష అయిందన్నాడు. యుద్ధానికి మోగే వాయిద్యాన్నే ధర్మానికి వాడుతున్నానని గొప్ప చెప్పుకోవడం అది.

ఇక దండోరా. దండన, దండం అంటూ దీనికి చుట్టరికాలు కలిపేవాళ్లున్నారు. ధ్వని పోలిక తప్ప అక్కడేమీ లేదు. హిందీలో ఢిండోరా, తమిళంలో తండోరా, పక్కన మరాఠీలో దవండి, కన్నడంలో డంగుర. నాలుగు భాషల సరిహద్దులు తిరిగిన మాట ఇది. టముకు, టాంటాం అనేవి చప్పుడును బట్టి పుట్టిన పేర్లు. ఇక్కడ గమనించాల్సింది మాటకున్న హోదా. "ఢంకా బజాయించి చెప్పాడు" అంటే మెచ్చుకోలు. "ఎన్నికల నగారా మోగింది" అంటే గంభీరమైన శీర్షిక. "టముకు వేసుకుంటూ తిరుగుతున్నాడు" అంటే తిట్టు. "ఊరంతా చాటింపు వేసింది" అంటే ఫిర్యాదు. అన్నీ తోలు వాయిద్యాలే, అన్నీ చేసేది ఒకే పని. కాకపోతే నగారా కోట గుమ్మం మీది నౌబత్ ఖానాలో ఉండేది, డప్పు ఊరి చివర ఉండేది. వాయించేవాడి కులాన్ని బట్టి మాటకు మర్యాద వచ్చింది, పోయింది. 1994లో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి తన ఉద్యమానికి దండోరా అన్న పేరు నిలబెట్టడం వెనక ఈ లెక్క ఉంది. ఇంకొకరి హుకుం చాటడానికి కొట్టిన డప్పును సొంత మాట చెప్పడానికి కొట్టారు. ఆ తర్వాత తెలుగు పత్రికల్లో దండోరా అనే మాట బరువే మారిపోయింది.

డప్పు పాతబడిపోయిందనుకుంటాం గానీ చట్టంలో అది ఇంకా బతికే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908. ఆర్డర్ 21, రూల్ 54. కోర్టు ఒక భూమిని జప్తు చేస్తే ఆ ఉత్తర్వును ఆ ఆస్తి మీదగానీ, దాని పక్కనగానీ, డప్పు కొట్టించి లేదా అక్కడ వాడుకలో ఉన్న మరో పద్ధతిలో చాటించాలి. తర్వాత నకలును ఆస్తి మీద కనపడేచోట అతికించాలి, ఆపైన కోర్టు భవనంలో కనపడేచోట అతికించాలి. ప్రభుత్వానికి శిస్తు కట్టే భూమి అయితే కలెక్టరు ఆఫీసులో, గ్రామంలోని భూమి అయితే పంచాయతీ ఆఫీసులో కూడా. వేలం ప్రకటనకు కూడా రూల్ 67 ఇదే పద్ధతి చెప్తుంది. కోర్టు భవనానికి నకలు అతికించిన రోజు నుంచి స్థిరాస్తికి కనీసం 15 రోజులు, చరాస్తికి 7 రోజులు గడవందే వేలం వేయకూడదని రూల్ 68. రోజులు లెక్కపెట్టేది డప్పు కొట్టిన తేదీ నుంచి కాదు, కోర్టు గోడకు అతికించిన తేదీ నుంచి. ఈ ఒక్కచోట చాలామంది తప్పులో కాలేస్తారు.

ఇంకో తప్పు స్థలం దగ్గర. కోర్టు ఉత్తర్వు అమలుచేసే అమీనా డప్పు కొట్టించింది ఊరి నడిబొడ్డున, పొలం ఉన్నది రెండు మైళ్ల అవతల. నలుగురూ విన్నారు కదా అంటే కుదరదు, చట్టం ఆస్తి మీద లేదా పక్కన అంది. మూడో తప్పు మరీ పాతది: డప్పు కాగితం మీదే మోగుతుంది. కొట్టినవాడి వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు, చప్పుడు మాత్రం ఎవరికీ వినపడలేదు. ఆస్తి గల మనిషి రూల్ 90 కింద వేలం రద్దు కోరొచ్చు, వేలం జరిగిన 60 రోజుల లోపల. అయితే చాటింపులో లోపమో మోసమో జరిగిందని రుజువు చేస్తే సరిపోదు, దానివల్ల తనకు గట్టి నష్టం వాటిల్లిందని కూడా చూపించాలి. ఉదాహరణకు, చాటింపు లేక పాటదారులు రాలేదు, ధర పడిపోయింది అని. చాటింపు దేనికో చట్టానికి బాగా తెలుసని ఇక్కడే అర్థమవుతుంది.

ఇప్పటిదాకా చెవి సంగతి. ఇక చోటు సంగతి. తెలుగులో బహిరంగం అనేదానికి అసలు బొమ్మ ఏమిటి? ఒకటి, రచ్చ. సంస్కృతంలో రథ్య అంటే రథం పోయే బాట, వీధి. ప్రాకృతంలో రచ్ఛా అయి మనకు రచ్చ అయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నప్పుడు రచ్చ అంటే గొడవ కాదు, నలుగురు కూర్చునే వీధి. రచ్చబండ కూడా గొడవపడే బండ కాదు. కానీ ఇంటి గుట్టు వీధికెక్కితే గొడవే కదా, అందుకని "రచ్చ చేశాడు" అనేసరికి అర్థం జారిపోయింది.

రెండోది బయలు, అంటే చెట్టూ చేమా అడ్డం లేని మైదానం. బయటపెట్టు, బయటపడు, బట్టబయలు. బట్టబయలులో బట్ట అంటే గుడ్డ అనుకుని, ముసుగు తీసేయడం అని వ్యాఖ్యానించేవాళ్లున్నారు. గుడ్డకేం సంబంధం లేదు. పగలు పగలు కలిసి పట్టపగలు, నడుమ నడుమ కలిసి నట్టనడుమ, చివర చివర కలిసి చిట్టచివర అయినట్టే బయలు బయలు కలిసి బట్టబయలు. ద్విరుక్త టకారం అని బడిలో చదివినదే. అర్థం "బొత్తిగా మైదానం".

మూడోది వెలి. వెలుపల, వెలువడు, వెలువరించు. కోర్టు తీర్పు వెలువడుతుంది, కవి సంపుటి వెలువరిస్తాడు. అదే వెలితో వెలివేస్తారు కూడా. ఒక సంగతిని బయటికి పంపితే వార్త, ఒక మనిషిని బయటికి పంపితే శిక్ష. తమిళులు పుస్తక ప్రచురణను "వెళియీడు" అంటారు, మన వెలువరింతకు సొంత అన్న.

రహస్యం తనంతట తాను బయటపడితే ఇంకో రకం మాటలు. "లీకైంది" అని ఇప్పుడు అందరూ రాస్తున్నారు, తప్పు పట్టను. కానీ "పొక్కింది" అన్న మాట ఎంత బాగుంటుందో చూడండి. పొక్కు అంటే బొబ్బ. లోపలి వేడికి చర్మం ఉబ్బి పైకి కనిపిస్తుంది. లీకులో గొట్టానికి చిల్లి ఉంది, పొక్కడంలో లోపల మంట ఉంది. "గుప్పుమంది" అన్నది వాసనకు వాడే మాట. పుకారు సంగతి మరీ వింత. హిందీలో పుకార్ అంటే పిలుపు, కేక. ఎదురుగా నిలబడి వేసే కేక తెలుగులోకి వచ్చేసరికి ఎవరు వేశారో తెలియని కేక అయింది. వదంతి అయితే సంస్కృత క్రియాపదమే: "వాళ్లంటున్నారు" అని. వాళ్లెవరో చెప్పదు. కింవదంతి, "ఏమంటున్నారు?" ఈ ప్రశ్నే నామవాచకమైపోయింది. అమరకోశంలో "కింవదంతీ జనశ్రుతిః" అన్న వెంటనే తర్వాతి పాదం "వార్తా ప్రవృత్తిర్వృత్తాంత ఉదంతః". పుకారూ వార్తా పక్కపక్క ఇళ్లలో కాపురం ఉన్నాయన్నమాట. ఇద్దరి మధ్యా గోడ కట్టడమే డెస్కులో మీ ఉద్యోగం.

ఆ పాదంలో నాలుగు మాటలుంటే మూడింటికి ధాతువు ఒకటే, వృత్. తిరగడం, జరగడం. వార్త, ప్రవృత్తి, వృత్తాంతం. వర్తమానం కూడా అదే. తొలినాటి తెలుగు పత్రికల పేర్లు గుర్తుచేసుకోండి: 1838లో మద్రాసు నుంచి "వృత్తాంతి", 1842లో "వర్తమాన తరంగిణి". పేరులోనే వార్త ఉంది. కౌటిల్యుడు మాత్రం వార్త అంటే వేరే చెప్తాడు. సేద్యం, పశువుల పెంపకం, వ్యాపారం, ఈ మూడూ కలిసి వార్త. వృత్తి నుంచి వచ్చిన వార్త, బతుకుతెరువు అని. అర్థశాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు "వార్తను నేర్వవలెను" అని ఉన్నదాన్ని చూసి రాజకుమారుడు పేపరు చదవాలని అర్థం చేసుకుంటే అంతే సంగతులు.

కబురు అరబ్బీ ఖబర్. ఫారసీ, ఉర్దూల మీదుగా మన ఇంటికొచ్చి ఖ-కారం వదిలేసింది. ఒక కబురు అంటే సందేశం, చావు కబురైనా చల్లగా చెప్పాల్సిందే. బహువచనం చేసి కబుర్లు అంటే కాలక్షేపం. అదే ఖబర్‌కు అరబ్బీలో బహువచనం అఖ్‌బార్, ఉర్దూలో వార్తాపత్రిక. ఒకే మాటను రెండు భాషలు బహువచనం చేసుకుంటే ఒకచోట పేపరు అయింది, ఒకచోట అరుగు మీది ముచ్చట్లు అయింది. నిజాం ప్రభుత్వ గెజిట్‌ను జరీదా అనేవారు. అరబ్బీలో జరీద అంటే ఆకులు ఒలిచిన ఖర్జూరపు మట్ట. మనకూ అంతేగా, పత్రం అంటే ఆకు, చిన్న ఆకు పత్రిక. గెజిట్‌కు మాత్రం ఆకుతో పని లేదు, అది వెనిస్ నగరంలో ఒక చిల్లర నాణెం పేరు, ఆ నాణేనికి వచ్చే వార్తల కాగితానికి అంటుకుంది. ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను: కరపత్రం సంస్కృతంలో రంపం. మన దగ్గర చేతికిచ్చే కాగితం. కొన్ని కరపత్రాలు చదివితే పాత అర్థమే సరైందేమో అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు, ప్రకటన. "సంప్రోదశ్చ కటచ్" అని పాణిని సూత్రం. సమ్, ప్ర, ఉత్, వి అనే ఉపసర్గలకు కట చేరుతుంది. సంకటం, ప్రకటం, ఉత్కటం, వికటం. నలుగురూ అన్నదమ్ములు. ప్రకటన వికటించి సంకటం తేవడం ఇంట్లో పోట్లాటే. తెలుగులో ఈ ఒక్క మాట మీద మూడు బరువులు వేశాం: మంత్రి చేసే ప్రకటన, సబ్బు కంపెనీ ఇచ్చే ప్రకటన, ప్రభుత్వం గెజిట్‌లో వేసే ప్రకటన. దానివల్ల నిజంగానే లెక్కలు తప్పుతున్నాయి. ఎన్నికల సంఘం విలేకరుల సమావేశంలో తేదీలు చెప్పడం షెడ్యూలు ప్రకటన, ప్రవర్తనా నియమావళి ఆ క్షణం నుంచి అమల్లోకి వస్తుంది. నోటిఫికేషన్ తర్వాత ఇంకో రోజున గెజిట్‌లో వస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951 సెక్షన్ 30 ప్రకారం నామినేషన్ల ఆఖరి తేదీ ఆ నోటిఫికేషన్ వెలువడ్డాక ఏడో రోజు. షెడ్యూలు చెప్పిన రోజే "నోటిఫికేషన్ విడుదల" అని శీర్షిక పెడితే పాఠకుడు ఏడు రోజులు ఎక్కడినుంచి లెక్కపెట్టాలి? నా సలహా: నోరు తెరిచి చెప్పినదాన్ని ప్రకటన అనండి, గెజిట్‌లో వచ్చినదాన్ని నోటిఫికేషన్ అనే రాయండి, డబ్బు తీసుకుని వేసినదాన్ని వాణిజ్య ప్రకటన అనండి. అన్నట్టు, ఈ "విడుదల" అంటే నాకు గిట్టదు. జైలు నుంచి మనిషి విడుదలవుతాడు, కాలువకు నీళ్లు విడుదలవుతాయి. జాబితాను ఎవరు బంధించారని?

ప్రచురణ దగ్గరికి వద్దాం. ప్రచురం అంటే విస్తారం, బోలెడు. ప్రచురించడం అంటే ఎక్కువ చేయడం, ప్రతులు పెంచడం. హిందీ, బెంగాలీ వాళ్లు ప్రకాశన, ప్రకాశ అన్నారు, వెలుగులోకి తేవడం. మలయాళీలు ప్రసిద్ధీకరణం అన్నారు, పేరు తేవడం. ఉర్దూలో నోటీసును ఇష్తిహార్ అంటే అక్కడా అదే ఊహ, మష్హూర్ చేయడం. తమిళులు బయట పెట్టారు. మనం మాత్రం సంఖ్య చూశాం. ఒకప్పుడు మనమూ ప్రకాశకులు అనే రాసుకున్నాం. 1885లో మద్రాసు నుంచి "ఆంధ్ర ప్రకాశిక" వచ్చింది. తర్వాత ప్రచురణ గెలిచింది.

అచ్చు యంత్రం ఉన్నంతకాలం ఈ మాట హాయిగా నడిచింది. చట్టం దగ్గర బెసికింది. పరువు నష్టం చట్టంలో, పాత శిక్షాస్మృతి 499లోగానీ ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 356లోగానీ, పబ్లిష్ చేయడం అంటే వెయ్యి కాపీలు వేయడం కాదు. నిందపడిన మనిషికి కాక మరొక్కడికి తెలిస్తే చాలు. ఆయన పేర కవరు అంటించి పంపిన ఉత్తరాన్ని ఆయనొక్కడే చదువుకుంటే పబ్లికేషన్ లేదు. అదే మాట పోస్టుకార్డు మీద రాస్తే దారిలో ఎవరైనా చదవొచ్చు. దీన్ని తెలుగులో "ప్రచురణ" అని అనువదిస్తే చదివినవాడు "నేనేమీ అచ్చు వేయలేదు కదా" అనుకుంటాడు. అక్కడ "మరొకరికి తెలియజేయడం" అని విడమర్చి రాయాల్సిందే.

ప్రసారం గురించి క్లుప్తంగా. ప్రసరించడం, పాకడం. ఇంగ్లీషువాళ్ల బ్రాడ్‌కాస్ట్ పొలం నుంచి వచ్చిన మాట, చేత్తో విత్తనం చల్లడం. దానికి అచ్చం సరిపోయే మాట మన దగ్గర ఉంది: వెదజల్లడం. వెద అంటే విత్తనం, జల్లడం అంటే చల్లడం. మనం దాన్ని పూల వాసనకీ వెన్నెలకీ ఇచ్చేసి, రేడియోకి సంస్కృతం తెచ్చుకున్నాం. ఆకాశవాణి మాత్రం మంచి ఎంపిక. 1935లో మైసూరులో గోపాలస్వామి పెట్టిన రేడియో కేంద్రానికి ఆ పేరు, ఆలిండియా రేడియో తర్వాత తీసుకుంది. పురాణాల్లో ఆకాశవాణికి ఎదురు చెప్పినవాడు లేడు. ప్రభుత్వ రేడియోకి అంతకంటే తగిన పేరు దొరకదు.

చివరగా మీ చేతికి తరచూ వచ్చే ఒక వాక్యం. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో, అందులో ఒకటి ప్రాంతీయ భాషది, స్థానిక భాషలో పంచాయతీ లేదా మున్సిపాలిటీలో, కలెక్టరు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, తహసీల్ ఆఫీసుల్లో, ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టాలంటుంది. వెబ్‌సైటుకు తప్ప అన్నిటికీ చట్టంలో క్రియ ఒకటే, పబ్లిష్ చేయడం. తెలుగు నివేదికలో కూడా ఒకటే వేస్తారు: "సదరు నోటిఫికేషన్ గ్రామ పంచాయతీ కార్యాలయము నందు ప్రచురించబడినది." గోడకు ఒక కాగితం అతికిస్తే అది ప్రచురం ఎలా అవుతుంది? అసలు అతికించారా, బల్ల సొరుగులో పెట్టారా? ఎన్నో తేదీన? ఈ వాక్యం ఏదీ చెప్పదు. ఇలా రాయండి: "నోటిఫికేషన్ ఫలానా తేదీ గెజిట్‌లో వచ్చింది. ఫలానా రెండు పత్రికలు ఫలానా తేదీన అచ్చువేశాయి. తెలుగు ప్రతిని ఫలానా తేదీ ఉదయం పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డుకు అతికించాం. అదే సాయంత్రం ఊళ్లో డప్పు కొట్టించి చదివి వినిపించాం." గెజిట్‌కు వచ్చింది, పత్రికకు అచ్చువేసింది, గోడకు అతికించాం, చెవికి వినిపించాం. ఇప్పుడు అనుమానం ఉన్న రైతు ఎవరైనా ఆ బోర్డు దగ్గరికి వెళ్లి చూసుకోవచ్చు, డప్పు విన్నారా అని పక్కింటివాళ్లను అడగొచ్చు.